చాట్‌లో ‘అప్రూవ్’ నొక్కితే ఏం తెరుచుకుంటుంది? డేటాబేస్ అనుమతుల గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే పిల్లలున్న ఇళ్లలో ‘ఇంకా అప్రూవల్ రాలేదు, పని ఆగిపోయింది’ అనే మాట తరచూ వినబడుతుంది. రాత్రి పదకొండింటికి అమెరికాలోని కస్టమర్‌కు ఏదో సమస్య వస్తుంది. అదేమిటో తేల్చాలంటే ఇక్కడున్న డెవలపర్ అసలు డేటాబేస్ తెరిచి చూడాలి. అతను ఆఫీసు చాట్‌లో రిక్వెస్ట్ పెడతాడు. ఇంకెవరి ఫోనో మోగుతుంది. స్క్రీన్ మీద రెండు బటన్లు కనిపిస్తాయి: అప్రూవ్, రిజెక్ట్. మొదటిది నొక్కితే లక్షల మంది పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, చెల్లింపుల వివరాలు ఉన్న గది తలుపు తెరుచుకుంటుంది.

అలాంటి గదుల్లో మన వివరాలూ ఉంటాయి. బ్యాంకు, ఆసుపత్రి, మొబైల్ కంపెనీ, ఫుడ్ డెలివరీ యాప్, కాలేజీ అడ్మిషన్ ఫారం, ఇలా మనం ఇచ్చినవన్నీ ఏదో ఒక డేటాబేస్‌లో కూర్చుంటాయి. కాబట్టి ఈ సంగతి ఆ బటన్ నొక్కే ఉద్యోగికే కాదు, వాటిలో పేరున్న ప్రతి కుటుంబానికీ సంబంధించినదే.

ముందే ఒక మాట స్పష్టం చేసుకుందాం. చాట్‌లో ‘ఓకే’ అనడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, దేనికి, ఎంతసేపటికి అన్నది యంత్రం సరిచూసి, రాసుకుని, టైమ్ అయిపోగానే తానే తలుపు వేస్తేనే అది అనుమతి. మిగతాదంతా మాట సాయం. తేడా వచ్చిన రోజున మాట సాయం చేసినవాళ్లే ముందు ఇరుక్కుంటారు.

అందరికీ తాళం ఎందుకు ఇవ్వరు?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో డేటాబేస్‌లు కనీసం రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి టెస్ట్ డేటాబేస్. అందులో ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి నంబర్లు ఉంటాయి, ఎవరైనా ఆడుకోవచ్చు. రెండోది ప్రొడక్షన్. అందులో నిజమైన మనుషుల నిజమైన వివరాలు ఉంటాయి. ఈ వ్యాసంలో మనం మాట్లాడేదంతా ప్రొడక్షన్ గురించే.

ఒకప్పుడు చాలా చోట్ల టీములో చేరిన రోజే ప్రొడక్షన్ పాస్‌వర్డ్ ఇచ్చేసేవారు. ఇప్పటికీ కొన్ని చిన్న కంపెనీల్లో అంతే. అందరికీ ఒకే పాస్‌వర్డ్, మనిషి ఉద్యోగం మానేసినా అది మారదు. దీనివల్ల దొంగతనమే జరగాలని లేదు, మంచివాడి చేతిలో కూడా నష్టం జరుగుతుంది. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో అదే జరిగింది. ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయాక డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్‌లో తీసేయాల్సిన డేటా ఫోల్డర్‌ను పొరపాటున అసలు సర్వర్‌లోనే తీసేశాడు. క్షణాల్లో గ్రహించి ఆపాడు. కానీ అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. అనుకున్న బ్యాకప్‌లు పనిచేయలేదు. చివరికి ఆరు గంటల క్రితం తీసిన కాపీ నుంచి తిరిగి నిలబెట్టారు. ఆ మధ్యలో చేరిన సమాచారం పోయింది. కంపెనీయే ఇదంతా దాచకుండా బయటపెట్టింది, అది మెచ్చుకోవాల్సిన విషయం. ఆ ఇంజనీరులో దురుద్దేశం ఏమీ లేదు. అలసట, తొందర, చేతిలో ఎప్పుడూ తెరిచి ఉన్న పెద్ద అధికారం, ఈ మూడూ కలిశాయి. ఇంత పెద్ద పని చేసేముందు రెండో మనిషి చూడాలన్న నిబంధన ఉంటే, కనీసం ‘ఏ సర్వర్?’ అన్న ప్రశ్న ఒకసారి వచ్చేది.

ఇక ఆసక్తి కొద్దీ చూసే బాపతు. ఊబర్‌లో ప్రయాణికులు ఎక్కడున్నారో చూపించే ‘గాడ్ వ్యూ’ అనే లోపలి టూల్‌ను ఉద్యోగులు ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని 2014లో పెద్ద దుమారం రేగింది. ఉద్యోగులు ఎవరి వివరాలు చూస్తున్నారో కనిపెట్టే వ్యవస్థను ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ తయారు చేసుకుంది. ఏడాది కూడా తిరక్కుండానే దాన్ని వాడటం ఆపేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2017లో ఆ కేసులో రాజీ ఒప్పందం కుదిరింది. నిఘా పెట్టామని చెప్పుకోవడం ఒకటి, రోజూ చూడటం ఒకటి.

మన దగ్గర ఈ ఆసక్తికి ఇంకో రూపం ఉంది. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, టెలికాం కంపెనీలోనో పనిచేసే పిల్లలను చుట్టాలు అడుగుతారు: ‘బేటా, ఆ ఇంటి నుంచి రిష్తా వచ్చింది, అబ్బాయి ఖాతా కాస్త చూసి చెప్పు.’ అడిగేవాళ్లకు అది పెళ్లి విచారణలో భాగం. చూసే ఉద్యోగికి అది ఉద్యోగం పోయే పని. రెండో వైపు కుటుంబానికి తెలియకుండా వాళ్ల అమానత్‌లో చెయ్యి పెట్టడం. మంచి వ్యవస్థలో ‘ఎందుకు చూస్తున్నావు’ అని రాయకుండా తలుపు తెరుచుకోదు. రాసిన కారణం తర్వాత ఎవరైనా చదువుతారు. నిజం చెప్పాలంటే ఇది ఆ ఉద్యోగికి కూడా రక్షణే. ‘సిస్టం ఒప్పుకోదు ఖాలా’ అని నిజాయితీగా చెప్పి తప్పుకోవచ్చు.

ఈ ఆలోచన నుంచి వచ్చినవే రెండు నియమాలు. ఒకటి, పనికి ఎంత అవసరమో అంతే అధికారం. రెండు, అవసరమైనప్పుడు మాత్రమే, కొద్దిసేపటికి. రెండోదాన్ని ఐటీ వాళ్లు ‘జస్ట్ ఇన్ టైమ్ యాక్సెస్’ అంటారు.

చాట్‌లోకి ఎందుకు వచ్చింది?

అనుమతి అడగడం కొత్తదేం కాదు. ముందు ఈమెయిల్‌లో అడిగేవారు, తర్వాత టికెట్ సిస్టంలో. ఇబ్బంది ఎక్కడంటే ఆ టికెట్ ఎవరూ చూడరు. అర్ధరాత్రి సైట్ ఆగిపోతే పొద్దున పది గంటలకు వచ్చే మెయిల్ జవాబు ఎందుకు పనికొస్తుంది? ఆలస్యం భరించలేక జనం అడ్డదారి పడతారు. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడతారు.

స్లాక్ 2014లో, మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2017లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఉద్యోగులు రోజంతా అందులోనే ఉంటున్నారు కాబట్టి, అనుమతి రిక్వెస్టునూ అక్కడికే తీసుకొచ్చారు. అప్రూవ్ చేసేవారి ఫోన్‌కు వెంటనే చేరుతుంది. టీము మొత్తం చూసే చానల్‌లో జరుగుతుంది కాబట్టి చాటుమాటు తక్కువ. నా దృష్టిలో ఈ రెండో లాభమే పెద్దది. వేగం కోసం చాట్‌లోకి తెచ్చారు గానీ, పదిమంది కళ్ల ముందు జరగడం అనేది అంతకన్నా విలువైనది.

బటన్ వెనుక ఏం జరుగుతుంది?

కామర్స్ చదివినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బ్యాంకుల్లో ‘మేకర్-చెకర్’ పద్ధతి ఉంటుంది. ఒకరు ఎంట్రీ వేస్తారు, ఇంకొకరు సరిచూసి ఓకే చేస్తారు. ఎంట్రీ వేసినవారే ఓకే చేయడానికి వీల్లేదు. పెద్ద మొత్తాలకు ఇంకా పై అధికారి కావాలి. డేటాబేస్ అనుమతి కూడా సరిగ్గా ఇదే, వోచర్ బదులు చాట్ మెసేజ్.

డెవలపర్ చాట్‌లో ఒక చిన్న ఫారం నింపుతాడు. అది కంపెనీ పెట్టుకున్న ఒక ప్రోగ్రాంకు, అంటే బాట్‌కు చేరుతుంది. ఈ డేటాబేస్‌కు యజమాని ఎవరు, ఎవరి అనుమతి కావాలి అన్న నిబంధనలు ఆ బాట్‌కు ముందే తెలుసు. అది సంబంధిత చానల్‌లో బటన్లతో మెసేజ్ పెడుతుంది. ఎవరో అప్రూవ్ నొక్కుతారు. అసలు పని అక్కడ మొదలవుతుంది.

బటన్ నొక్కిన సంగతిని స్లాక్ ఆ బాట్‌కు పంపుతుంది, దానితోపాటు ఒక డిజిటల్ సంతకం కూడా. ఆ సంతకం సరిపోతేనే, ఆ సందేశం 5 నిమిషాల కన్నా పాతది కాకపోతేనే నమ్మాలని స్లాక్ డెవలపర్లకు సూచిస్తుంది. లేకపోతే బయటివాడెవడో ‘అప్రూవ్ అయింది’ అని దొంగ సందేశం తయారు చేసి పంపొచ్చు, పాత సందేశాన్నే మళ్లీ వాడొచ్చు. తర్వాత బాట్ సరిచూడాల్సినవి ఉన్నాయి. నొక్కిన మనిషి అనుమతి ఇవ్వగలిగిన జాబితాలో ఉన్నాడా? అడిగినవాడే నొక్కలేదు కదా? ఈ రిక్వెస్ట్ ఇప్పటికే ముగిసిపోలేదు కదా? ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. బటన్ నొక్కాక 3 సెకన్లలో జవాబు రాకపోతే స్లాక్ తప్పు జరిగిందని చూపిస్తుంది. మనిషి స్వభావం కొద్దీ మళ్లీ నొక్కుతాడు. ఒక రిక్వెస్టుకు రెండు తాళాలు తయారు కాకుండా చూసుకోవాల్సింది బాట్ తయారు చేసినవారే.

అన్నీ సరిపోతే అప్పుడు తాళం తయారవుతుంది. ఉన్న పాస్‌వర్డ్ చెప్పడం కాదు, ఆ మనిషికోసం, ఆ పనికోసం కొత్త యూజర్ పేరు, కొత్త పాస్‌వర్డ్ పుట్టిస్తారు. హాషీకార్ప్ వాల్ట్ లాంటి టూల్స్ ఈ పని చేస్తాయి. గడువు ముగియగానే ఆ యూజర్‌ను డేటాబేస్ నుంచి తీసేస్తాయి. ఆ పాస్‌వర్డ్ చానల్‌లో కనబడకూడదు. అడిగినవాడికి మాత్రమే, అదీ చాట్ బయట, లాగిన్ అయ్యాక కనిపించేలా ఉండాలి.

గడువు విషయంలో చాలామంది ఇంజనీర్లకు కూడా సరిగ్గా తెలియని సంగతి ఒకటి ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక యూజర్‌కు ‘వ్యాలిడ్ అన్‌టిల్’ అని తేదీ, టైమ్ పెట్టొచ్చు. అది పాస్‌వర్డ్‌కు గడువు మాత్రమే. ఆ టైమ్ తర్వాత కొత్తగా పాస్‌వర్డ్‌తో లోపలికి రాలేరు, కానీ అప్పటికే లోపల ఉన్నవాడిని అది బయటికి పంపదు. సాయంత్రం అయిదింటికి గేటు వేశామంటే లోపలున్న మనిషి ఇంటికి వెళ్లిపోయాడని కాదు కదా. నడుస్తున్న కనెక్షన్‌ను కూడా తెంచే ఏర్పాటు విడిగా పెట్టాలి. మీ ఇంట్లో ఈ పని చూసేవాళ్లుంటే ఈ ఒక్క విషయం అడిగి చూడండి.

టీమ్స్‌లో ‘అప్రూవల్స్’ అనే యాప్ ముందే వస్తుంది. సెలవులకు, ఖర్చుల బిల్లులకు బాగా పనికొస్తుంది. కానీ అది ‘అవును’ అన్న జవాబు మాత్రమే నమోదు చేస్తుంది, డేటాబేస్ తలుపుతో దానికి సొంతంగా ఏ లింకూ లేదు. ఆ లింకు కంపెనీయే కట్టుకోవాలి. కట్టుకోకపోతే చాట్‌లో అప్రూవల్ ఒక దారి, అసలు పాస్‌వర్డ్‌లు ఒక దారి అవుతాయి.

రెండు దారులు వేరైతే ఏమవుతుందో మన దేశమే ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంలో, ముంబై బ్రాడీ హౌస్ బ్రాంచి నుంచి విదేశీ బ్యాంకులకు హామీ సందేశాలు స్విఫ్ట్ అనే వ్యవస్థలో వెళ్లాయి. బ్యాంకు అసలు లెక్కలు ఉండే కోర్ బ్యాంకింగ్‌లో మాత్రం వాటి ఎంట్రీలు లేవు. స్విఫ్ట్‌కూ కోర్ బ్యాంకింగ్‌కూ లింకు లేకపోవడంతో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు. మొదట బ్యాంకు చెప్పిన లెక్క సుమారు 11,400 కోట్ల రూపాయలు. ఆ తర్వాత రెండింటినీ కలపమని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు గడువు పెట్టి ఆదేశించింది. ఊరూ పేరూ వేరు, విషయం మాత్రం అదే. అనుమతి ఒక చోట, పని ఇంకో చోట జరిగితే మధ్యలో జరిగేది ఎవరి లెక్కలోకీ రాదు.

రిక్వెస్ట్ ఎలా రాయాలి?

‘సర్, ప్రొడక్షన్ యాక్సెస్ కావాలి, అర్జెంట్.’ చాలా రిక్వెస్టులు ఇలాగే ఉంటాయి. ఇందులో అప్రూవ్ చేసేవారు నిర్ణయించడానికి ఏముంది? ఏమీ లేదు. అడిగిన మనిషి మీద నమ్మకంతో నొక్కుతారు, అంతే.

పనికొచ్చే రిక్వెస్ట్ ఇలా ఉంటుంది: ‘ఆర్డర్ల డేటాబేస్. చెల్లింపుల టేబుల్ మాత్రమే. చూడటానికి, మార్చడానికి కాదు. ఈ నంబరు టికెట్‌లో రెండుసార్లు డబ్బు కట్ అయిందని ఫిర్యాదు, ఎందుకో చూడాలి. ఒక గంట చాలు.’ ఏ డేటాబేస్, అందులో ఏ భాగం, చదవడమా మార్చడమా, ఎందుకు, ఎంతసేపు, అన్నీ ఉన్నాయి. చదివినవారు ‘గంట ఎందుకు, అరగంట చాలదా?’ అని అడగడానికైనా వీలుంది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. కారణం రాసేటప్పుడు కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, అకౌంట్ నంబరు చానల్‌లో రాసేస్తుంటారు. డేటాబేస్‌ను కాపాడటానికి పెట్టిన చానలే ఇంకో డేటాబేస్ అవుతుంది, దానికి తాళం కూడా ఉండదు. టికెట్ నంబరు రాస్తే చాలు. పని చేశాక వచ్చిన ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టే అలవాటు కూడా ఇంతే ప్రమాదం.

మార్చే పనులకు, అంటే డేటాను సరిదిద్దడం, తీసేయడం లాంటివాటికి ఇంకో మెట్టు మేలు. మనిషికి తలుపు తెరవడం కాదు, అతను నడపబోయే కమాండ్‌నే రిక్వెస్టులో పెట్టించి, ఆ కమాండ్ వరకే అనుమతి ఇవ్వడం. చెక్కు మీద మొత్తం రాయకుండా సంతకం పెట్టం కదా.

ఎవరు అప్రూవ్ చేయాలి?

బాస్ చేయాలని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ డేటా ఏమిటో, చూస్తే ఎవరికి నష్టమో తెలిసినవారు చేయాలి. జీతాల డేటాబేస్ అయితే హెచ్‌ఆర్ నుంచి ఒకరు, చెల్లింపులదైతే ఆ టీము నుంచి ఒకరు. ఎక్కడో పైన కూర్చున్న పెద్ద మేనేజర్‌కు రోజుకు నలభై రిక్వెస్టులు వస్తే చదవకుండా నొక్కుతూ పోతాడు. అలా నొక్కడం కన్నా బటన్ లేకపోవడమే నయం. అప్పుడు కనీసం అనుమతి ఉందన్న భ్రమ అయినా ఉండదు.

అన్నిటికీ మనిషి ఎందుకు అన్న ప్రశ్న కూడా న్యాయమే. వ్యక్తిగత వివరాలు కనబడకుండా ముసుగు వేసిన డేటాను అరగంట చూడటానికి బాట్ తానే అనుమతి ఇచ్చి, రాసుకుంటే సరిపోతుంది. మనిషి దృష్టి పరిమితం. దాన్ని అసలైన ప్రమాదం ఉన్న చోటికి దాచుకోవాలి.

సెలవుల సంగతి ముందే ఆలోచించాలి. ఈద్‌కు ఊరెళ్లినవారు, హజ్‌కో ఉమ్రాకో వెళ్లినవారు, ప్రసూతి సెలవులో ఉన్నవారు, ఇలా అప్రూవ్ చేసే మనిషి లేని రోజులు వస్తాయి. అప్పుడు ‘నా లాగిన్ నీ దగ్గర ఉంచుకో’ అని పోతే రికార్డులో వాళ్ల పేరే పడుతుంది. ఎవరేం చేసినా జవాబుదారీ వాళ్లే. బదులు మనిషి పేరును, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో తేదీలతో సహా, వ్యవస్థలో పెట్టించి వెళ్లాలి. ప్రతి డేటాబేస్‌కూ కనీసం ఇద్దరు అప్రూవర్లు ఉండటం మామూలు పద్ధతి.

ఎవరూ దొరకని అర్ధరాత్రి కోసం ఒక అత్యవసర దారి కూడా ఉండాలి. ఫైర్ అలారం అద్దం పగలగొట్టినట్టు, ఎవరి అనుమతీ లేకుండా లోపలికి వెళ్లొచ్చు, కానీ ఆ క్షణంలోనే అందరికీ మెసేజ్ పోతుంది, మర్నాడు ఎందుకు వెళ్లారో రాసివ్వాలి. ఈ దారి లేకపోతే జనం దొంగదారి వెతుక్కుంటారు. ఉంటే మాత్రం నెలకు ఎన్నిసార్లు వాడారో లెక్క చూడాలి. వారానికి మూడుసార్లు అద్దం పగులుతుంటే అది అత్యవసరం కాదు, అలవాటు.

కొత్తగా చేరిన పిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. సీనియర్ విడిగా మెసేజ్ పెట్టి ‘కాస్త అప్రూవ్ చెయ్ తమ్ముడూ, అర్జెంట్’ అంటే కాదనడం కష్టం. ‘అన్నా, టికెట్ నంబరుతో చానల్‌లో రిక్వెస్ట్ వేయండి, వెంటనే చూస్తాను’ అంటే సరిపోతుంది. మర్యాద తగ్గదు, పని ఆగదు. పేరు తన లాగ్‌లో పడుతుందని ఆ పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఒకసారి గుర్తు చేయడం మంచిదే.

మోసగాళ్లు కూడా చాట్‌లోనే

2022 సెప్టెంబరులో ఊబర్‌లోకి ఒక దొంగ చొరబడ్డాడు. కంపెనీ ప్రకటన ప్రకారం ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డ్ వాడి చేతికి చిక్కింది. రెండో తాళంగా కాంట్రాక్టరు ఫోన్‌కు ‘లాగిన్ అవుతున్నది మీరేనా? అప్రూవ్ చేయండి’ అనే రిక్వెస్ట్ వస్తుంది. దొంగ మళ్లీ మళ్లీ లాగిన్ ప్రయత్నిస్తూ పోయాడు, రిక్వెస్టులు వస్తూనే ఉన్నాయి. చివరికి ఒకదాన్ని ఆ కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. లోపలికి చేరాక దొంగ కంపెనీ స్లాక్‌లోనే అందరికీ కనబడేలా మెసేజ్ పెట్టాడు. అది డేటాబేస్ అప్రూవల్ కాదు, లాగిన్ అప్రూవల్. కానీ మనిషి వేలు అలసిపోయే తీరు రెండింటిలో ఒకటే. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు ఫోన్ ఏడుసార్లు మోగితే, ఎనిమిదోసారి చదివి నొక్కేవారు ఎంతమంది?

దానికి ఏడాది ముందు, 2021లో, గేమ్స్ తయారు చేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ నుంచి 780 జీబీ డేటా పోయింది. దొంగలే ఒక వార్తా సంస్థకు చెప్పిన కథ ఇది: ఒక ఉద్యోగి స్లాక్ లాగిన్‌ను 10 డాలర్లకు కొన్నారు, ఆ పేరుతో ఐటీ సపోర్ట్‌కు మెసేజ్ పెట్టి ‘నిన్న పార్టీలో ఫోన్ పోయింది’ అన్నారు, కొత్త లాగిన్ టోకెన్ తీసుకున్నారు. అవతలివారు అడిగినది తోటి ఉద్యోగి అనుకునే ఇచ్చారు. చాట్‌లో పేరు, ఫొటో చూసి నమ్మడంలో ఉన్న ప్రమాదం ఇదే. స్లాక్‌లో కనబడే పేరు, ఫొటో మార్చుకోవడం కష్టమేం కాదు. అందుకే బాట్ పేరును కాదు, మారని ఐడీని చూడాలి. మరీ సున్నితమైన డేటాబేస్‌లకు చాట్‌లో నోటిఫికేషన్ మాత్రమే ఇచ్చి, అప్రూవ్ చేయాలంటే విడిగా లాగిన్ అవమని అడిగే పద్ధతి ఉంది. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నాకైతే ఆ రెండు నిమిషాలు సబబే అనిపిస్తుంది.

బొటనవేలి గుర్తు పెట్టడం అప్రూవల్ అనుకునే టీములూ ఉన్నాయి. ఆ గుర్తు ఎవరైనా పెట్టొచ్చు, పెట్టి తీసేయొచ్చు. అది అనుమతిగా చెల్లదు.

రికార్డు ఎక్కడ ఉండాలి?

‘అంతా చాట్‌లో ఉంది కదా, వెతికితే దొరుకుతుంది’ అంటారు. ఎప్పుడూ దొరకదు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో గత 90 రోజుల మెసేజ్‌లే కనిపిస్తాయి. మరోపక్క, మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దాచాలి, చొరబాటు లాంటివి గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. నాలుగు నెలల క్రితం ఎవరు అనుమతి ఇచ్చారని విచారణాధికారి అడిగితే ఉచిత చాట్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. మెసేజ్‌లను తర్వాత మార్చవచ్చు, తీసేయవచ్చు కూడా. కాబట్టి బాట్ ప్రతి రిక్వెస్టునూ, ప్రతి నిర్ణయాన్నీ చాట్ బయట, ఎవరూ దిద్దలేని చోట రాసుకోవాలి. లోపలికి వెళ్లిన మనిషి అక్కడ ఏయే కమాండ్లు నడిపాడన్నది డేటాబేస్ సొంత లాగ్‌లో ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ‘చెల్లింపులు చూస్తానని వెళ్లి చిరునామాలు ఎందుకు చూశాడు?’ అన్నది బయటపడుతుంది.

చట్టం కూడా ఇటే నడుస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. తగిన భద్రతా ఏర్పాట్లు చేయక డేటా బయటికి పోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఎవరు ఏ డేటా చూస్తున్నారో అదుపులో పెట్టుకోవాలి, లాగ్‌లు ఏడాదిపాటు ఉంచాలి అని అందులో ఉంది. కంపెనీలు వీటికి సిద్ధం కావడానికి 18 నెలల సమయం ఇచ్చారు.

చిన్న సంస్థల సంగతి

స్లాక్, వాల్ట్ ఇవన్నీ పెద్ద కంపెనీల మాటలు అనిపించవచ్చు. మన పేటలోని డయాగ్నస్టిక్ సెంటర్, కోచింగ్ ఇన్‌స్టిట్యూట్, ట్రావెల్ ఏజెన్సీ దగ్గర కూడా వందల మంది పాస్‌పోర్టు కాపీలు, రిపోర్టులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అక్కడ అప్రూవల్ వాట్సాప్‌లో నడుస్తుంది: ‘భాయ్, పాస్‌వర్డ్ పంపండి.’ పంపేస్తారు. ఆ గ్రూపులో ఉద్యోగం మానేసిన కుర్రాడు కూడా ఇంకా ఉంటాడు.

ఇక్కడ బాట్ అవసరం లేదు, ఖర్చూ లేదు. ప్రతి ఉద్యోగికీ తన పేరుతో సొంత లాగిన్ ఇవ్వండి, సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని అడిగితే చాలావరకు ఇస్తారు. పాస్‌వర్డ్ చాట్‌లో పెట్టొద్దు. మొత్తం లిస్టు డౌన్‌లోడ్ చేయడం, రికార్డు తీసేయడం లాంటివి యజమానో, ఇంకొకరో ఒప్పుకున్నాకే జరగాలి. అది ఒక రిజిస్టరులో తేదీ, టైమ్, కారణంతో రాయాలి. దుకాణంలో ఖాతా పుస్తకం రాసినట్టే. వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పోతాయి, కాబట్టి దాన్ని రికార్డుగా నమ్ముకోవద్దు. ఉద్యోగి మానేసిన రోజునే అతని లాగిన్ ఆపేసి, గ్రూపు నుంచి తీసేయాలి. నెలాఖరులో జీతాల లెక్క చూసుకునేటప్పుడే లాగిన్‌ల లిస్టు కూడా ముందు పెట్టుకుంటే, ఎవరు ఉన్నారో ఎవరు వెళ్లిపోయారో పది నిమిషాల్లో తేలిపోతుంది.